బీపీ మాత్ర మానేస్తే సమస్య తీరుతుందా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు నలభై ఏడు. ఎనిమిది నెలల కిందట ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ 160/100 ఉందని తేలింది. డాక్టరు గారు రెండు మాత్రలు రాశారు. పొద్దున టెల్మిసార్టాన్, క్లోర్తాలిడోన్ కలిసినది ఒకటి, రాత్రి మెటోప్రొలాల్ 50 ఒకటి. మూడో నెల నుంచి అంగస్తంభన సరిగా ఉండటం లేదు. నెట్‌లో వెతికితే మెటోప్రొలాల్ వల్లే అని కనిపించింది. పన్నెండు రోజుల కిందట రెండు మాత్రలూ మానేశారు. అయినా మార్పు లేదు. ఒక స్నేహితుడు స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర చేతిలో పెట్టాడు, అది వేసుకోవాలంటే భయంగా ఉంది. ఈ సంగతి మీ ఆవిడకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

మిగతాదంతా తర్వాత. ముందు ఈరోజే బీపీ చూపించుకోండి, మందులు ఆపిన సంగతి మీ డాక్టరుకు ఫోన్ చేసైనా చెప్పండి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. అడ్రినలిన్ గుండె మీద పనిచేయకుండా ఆ మందు అడ్డుపడుతుంది. నెలల తరబడి అడ్డు ఉండేసరికి శరీరం అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుకుంటుంది. అడ్డు ఒక్కసారిగా తీసేస్తే గుండె దడ, బీపీ ఎగబాకడం, గుండె రక్తనాళాల్లో అప్పటికే ఇబ్బంది ఉన్నవాళ్లకు గుండెపోటు కూడా రావచ్చు. అందుకే ఆపాల్సి వస్తే ఒకటి రెండు వారాలు డోసు తగ్గించుకుంటూ ఆపుతాం. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక చెయ్యి బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లతో ఆలస్యం చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏమీ లేకపోయినా సరే, మళ్లీ ఏ మందు, ఎంత డోసుతో మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాక మొదలుపెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో మీ వయసు మనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. రెండుసార్లు చూపించుకున్నారు, బీపీ చక్కగా తగ్గింది. రెండోసారి తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "సార్, ఈ మాత్రల వల్ల ఇంకేమైనా..." అని ఆగిపోయారు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. "ఏం కాదు, వాడండి" అన్నాను. నాలుగు నెలల తర్వాత పక్షవాతంతో వచ్చారు. చొక్కా జేబులో ఆయన భార్యకు దొరికిన షీటు నాకు చూపించారు. పదిహేను మాత్రల షీటులో మూడే ఖాళీ. ఆ రోజు "ఇంకేమైనా అంటే ఏమిటి, కూర్చోండి" అని ఉంటే రెండు నిమిషాల పని. అప్పటి నుంచి బీపీ మందు రాసిన ప్రతి మగవాడినీ నేనే అడుగుతాను. వాళ్లు అడిగేదాకా ఆగను. ఈ ప్రశ్న అడగాల్సింది మేమే, మీరు కాదు. మీ డాక్టరు అడగలేదని మీరు వెనకాడకండి.

ఇక అసలు విషయం. మనవాళ్లు ఈ సమస్యకు "నరాల బలహీనత" అని పేరు పెట్టారు. నరాల పాత్ర లేకపోలేదు గానీ, నలభై దాటినవాళ్లలో ఎక్కువ కథ రక్తనాళాలదే. కోరిక కలగగానే నరాల చివర నుంచీ, రక్తనాళాల లోపలి పొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దానివల్ల అంగంలోని మెత్తటి కండరం సడలుతుంది, రక్తం లోపలికి దూసుకొస్తుంది. నిండిన కణజాలం బయటికి పోయే సిరలను నొక్కిపెట్టేస్తుంది. అంటే గట్టిపడటానికి లోపల కండరం వదులవ్వాలి. మనసులో టెన్షన్ ఉంటే అడ్రినలిన్ ఆ కండరాన్ని బిగిస్తుంది. అందుకే "ఈరోజు అవుతుందా, కాదా" అనుకుంటూ దగ్గరికి వెళ్లిన రోజు కాదు.

ఎక్కువ ఒత్తిడితో ఏళ్ల తరబడి రక్తం పారితే మొదట పాడయ్యేది ఆ లోపలి పొరే. నైట్రిక్ ఆక్సైడ్ తయారీ తగ్గుతుంది, గోడలు మందమవుతాయి. అంగానికి వెళ్లే ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఒకే జబ్బు రెండు చోట్లా పెరుగుతుంటే సన్నగా ఉన్నచోట ముందు తెలుస్తుంది. స్తంభన లోపం మొదలైన రెండు మూడేళ్లకో, అయిదేళ్లకో గుండెనొప్పి బయటపడటం వైద్యంలో బాగా తెలిసిన క్రమం. కాబట్టి ఏ మందూ వాడని మనిషి ఈ సమస్యతో వచ్చినా నేను ముందు బీపీ, షుగరు, కొలెస్టరాల్ చూస్తాను. మాత్ర మానేస్తే సమస్య తీరుతుందనుకునేవాళ్లకు అర్థం కావాల్సింది ఇదే. మాత్ర మానేసినప్పుడు మాత్ర వల్ల వచ్చిన భాగం పోవచ్చు. బీపీ వల్ల వచ్చిన భాగం మాత్రం నెలనెలా పెరుగుతుంది, అది వెనక్కి తేవడం కష్టం.

మరి మీ విషయంలో ఏది ఎంత? దీనికి ఏ స్కానింగ్ కన్నా తేదీలు బాగా సాయపడతాయి. ఒక కాగితం తీసుకుని నిజాయితీగా రాయండి. మాత్రలు మొదలుపెట్టక ముందు సంవత్సరం ఎలా ఉండేది? అప్పటికే అప్పుడప్పుడు మధ్యలో సడలిపోయేదా? మాత్ర మొదలయ్యాక ఎన్నాళ్లకు తేడా తెలిసింది? మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగా ఆగిందా? తెల్లవారుజామున నిద్రలో వచ్చే స్తంభన ఉందా? కోరికే తగ్గిందా, లేక కోరిక ఉండి స్తంభన లేదా? ఇంకొకటి, ఆ మెటోప్రొలాల్ గురించి నెట్‌లో చదివింది సమస్య రాకముందా, వచ్చాకా? ఈ చివరిది ఎందుకు అడుగుతున్నానో కాసేపట్లో చెబుతాను.

తెల్లవారుజామున గట్టిగా ఉండి, భార్య దగ్గర మాత్రమే విఫలమవుతుంటే రక్తనాళాలు, నరాలు పనిచేస్తున్నట్టే. అక్కడ టెన్షన్, అలసట, ఇద్దరి మధ్య మాటలు లేకపోవడం లాంటివి వెతకాలి. ఉదయం కూడా లేకుండా పోతే శరీరంలోని కారణం వెతకాలి. మాత్ర వేసిన కొద్ది వారాల్లోనే, అంతకుముందు ఏ లోపమూ లేకుండా మొదలైతే మందు మీద అనుమానం బలపడుతుంది. రెండేళ్లుగా మెల్లగా తగ్గుతూ వచ్చి, మాత్ర మొదలయ్యాక ఆ తగ్గడం గమనించడం మొదలుపెడితే అది వేరే కథ. చాలామందిది ఈ రెండోదే.

బీపీ మందులకు ఈ చెడ్డపేరు ఊరికే రాలేదు. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్, ఆ తర్వాతి మిథైల్‌డోపా, క్లోనిడిన్, గ్వానెథిడిన్ లాంటి పాత మందులు మెదడు మీదో, నరాల మీదో పనిచేసేవి. కోరిక చచ్చిపోవడం, స్తంభన పోవడం, వీర్యస్ఖలనం కాకపోవడం వాటితో మామూలే. ఆ రోజుల అనుభవం పెద్దవాళ్ల నోటి మాటగా మన దాకా వచ్చింది. ఇవాళ రాస్తున్న మందుల్లో చాలావాటికి ఆ స్వభావం లేదు. కానీ అన్నిటికీ లేదని అనలేం.

ఇప్పుడు వాడే వాటిలో నేను మొదట చూసేది నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే డైయూరెటిక్. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ ఈ వర్గం. మీరు అనుమానమంతా మెటోప్రొలాల్ మీద పెట్టుకున్నారు గానీ, మీ పొద్దుటి మాత్రలో క్లోర్తాలిడోన్ ఉంది. కాంబినేషన్ మాత్రల్లో ఇలాంటివి కలిసి ఉన్న సంగతి చాలామందికి తెలియదు. పేరు చివర హెచ్ అనో, హెచ్‌సీటీ అనో అక్షరాలు ఉంటే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిందని అర్థం. షీటు వెనక సన్న అక్షరాల్లో ప్రతి మందు పేరూ, మిల్లీగ్రాములూ ఉంటాయి, ఒకసారి వెలుతురులో పెట్టి చదవండి. అమెరికాలో తక్కువ స్థాయి బీపీ ఉన్నవాళ్ల మీద టోమ్స్ అనే పరీక్ష 1980ల చివర్లో మొదలై 1990లలో ముగిసింది. అయిదు రకాల మందుల్ని, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. రెండేళ్లకు క్లోర్తాలిడోన్ వాడిన మగవాళ్లలో 17.1 శాతం మందికి స్తంభన సమస్య వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 8.1 శాతం. ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే సగమే చెప్పినట్టు. నాలుగేళ్లకు చూస్తే ఆ తేడా దాదాపు చెరిగిపోయింది, 18.3కు 16.7. మందు వాడనివాళ్లు కూడా కాలంతో పాటు అక్కడికే వచ్చారు. అయితే ఆ రెండేళ్లు బాధపడ్డ మనిషికి ఈ లెక్క ఓదార్పు కాదు. అందుకే మందు మార్చమని అడగడం న్యాయమే అంటాను.

ఇక బీటా బ్లాకర్లు. ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటోప్రొలాల్. వీటికి ఉన్నంత చెడ్డపేరు ఇంకే మందుకూ లేదు. 2002లో చాలా పరీక్షల ఫలితాలను కలిపి లెక్క వేస్తే, ఏడాది పాటు ఈ మందు వాడిన ప్రతి 199 మందిలో ఒకరికి అదనంగా లైంగిక సమస్య కనిపించింది. పేరుకూ, లెక్కకూ ఇంత దూరం ఎందుకుంది? 2003లో ఇటలీ డాక్టర్లు చేసిన ఒక ప్రయోగంలో దీనికి చాలావరకు జవాబు ఉంది. అప్పుడే గుండె, రక్తనాళాల జబ్బు బయటపడిన 96 మంది మగవాళ్లను తీసుకున్నారు. ఎవరికీ అప్పటికి స్తంభన సమస్య లేదు. అందరికీ అటెనొలాల్ 50 మిల్లీగ్రాములే ఇచ్చారు. మూడో వంతు మందికి ఏ మందో చెప్పలేదు. ఇంకో వంతుకు మందు పేరు చెప్పారు, సైడ్ ఎఫెక్ట్ సంగతి చెప్పలేదు. మిగతావాళ్లకు మందు పేరు చెప్పి, దీంతో స్తంభన సమస్య రావచ్చని కూడా చెప్పారు. మూడు నెలల తర్వాత అడిగితే మొదటి గుంపులో 3.1 శాతం, రెండో దాంట్లో 15.6, మూడో దాంట్లో 31.2 శాతం మంది సమస్య ఉందన్నారు. మందు ఒకటే, డోసు ఒకటే. ఆ తర్వాత సమస్య వచ్చినవాళ్లకు సిల్డెనాఫిల్ ఒకసారి, ఉత్తుత్తి మాత్ర ఒకసారి ఇచ్చి చూశారు. ఒక్కరికి తప్ప మిగతా అందరికీ రెండూ ఒకేలా పనిచేశాయి.

దీన్ని "అంతా మీ మనసులోనే ఉంది, పోండి" అని చెప్పడానికి వాడుకునే డాక్టర్లున్నారు. అది తప్పు. ఆ 31 శాతం మందికీ సమస్య నిజంగానే వచ్చింది, వాళ్లు అబద్ధం చెప్పలేదు. భయం వల్ల పెరిగే అడ్రినలిన్ కూడా శరీరంలో పనిచేసేదే, దాని సంగతి పైన చెప్పాను. తేడా అల్లా చికిత్సలోనే ఉంటుంది. అందుకే నెట్‌లో చదివింది ముందా, తర్వాతా అని అడిగాను. ఈ ప్రయోగం గురించి తెలిశాక నాకూ ఒక ఇబ్బంది ఎదురైంది. చెబితే భయం పెట్టినట్టవుతుంది, చెప్పకపోతే దాచినట్టవుతుంది. చాలాకాలం ఆలోచించి చెప్పడానికే నిర్ణయించుకున్నాను. కాకపోతే చెప్పే తీరు మార్చుకున్నాను. "ఈ మందు వాడిన చాలామందికి ఏ తేడా రాదు. మీకు వస్తే నాకు చెప్పండి, బదులు మందులు ఉన్నాయి, మారుద్దాం" అంటాను. ఆ చివరి మాట వినగానే మనిషి భుజాలు దిగడం ఎన్నోసార్లు చూశాను.

ఇంకో బీటా బ్లాకర్ ఉంది, నెబివొలాల్. ఇది రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ నుంచి దీనికి మారినవాళ్లలో కొందరికి స్తంభన మెరుగుపడినట్టు చిన్న అధ్యయనాలు చూపించాయి. బీటా బ్లాకర్ తప్పనిసరి అయినవాళ్లకు ఇది పనికొచ్చే దారి. కానీ గుండెపోటు వచ్చినవాళ్లూ, గుండె బలహీనపడినవాళ్లూ దాన్ని సొంతంగా మార్చుకోకూడదు. అక్కడ ఏ మందు అన్నది గుండె అవసరాన్ని బట్టి డాక్టరు తేల్చాలి.

స్పైరనొలాక్టోన్ దారి వేరు. అది మగ హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. కోరిక తగ్గడం, రొమ్ములు పెరగడం, నొప్పి పుట్టడం ఉంటాయి. గుండె వైఫల్యం ఉన్నవాళ్ల మీద చేసిన రేల్స్ పరీక్షలో ఈ మందు వాడిన మగవాళ్లలో పది శాతానికి రొమ్ము పెరగడమో, నొప్పో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర గుంపులో ఒక శాతమే. ఇది మనసు మీద తోసేయలేని సైడ్ ఎఫెక్ట్. దీనికి బదులుగా ఎప్లెరినోన్ ఉంది.

రక్తనాళాల గోడల కండరాన్ని వదులుచేసే ప్రాజోసిన్, డాక్సజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ల వల్ల స్తంభన దెబ్బతినదు. టోమ్స్ పరీక్షలో తక్కువ సమస్య కనిపించింది డాక్సజోసిన్‌తోనే. ఇదే జాతికి చెంది ప్రోస్టేట్ కోసం ఇచ్చే టామ్సులోసిన్‌తో వీర్యం బయటికి రాకపోవచ్చు. కొందరు దాన్ని చూసి హడలిపోతారు. ప్రమాదం కాదు, మందు ఆపితే మామూలవుతుంది.

ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివీ, ఆమ్లోడిపిన్ లాంటివీ ఈ విషయంలో అటూ ఇటూ కావు. లోసార్టాన్, వల్సార్టాన్, మీ టెల్మిసార్టాన్ వర్గం కూడా హాని చేయదు. కొన్ని అధ్యయనాల్లో కాస్త మేలు కనిపించింది గానీ, దాన్ని మందుగా నమ్ముకునేంత కాదు. కాబట్టి మీ కాగితంలో తేదీలు మందు వైపే చూపిస్తే, గుండె జబ్బు లాంటి వేరే అవసరం లేకపోతే, టెల్మిసార్టాన్ ఉంచి క్లోర్తాలిడోన్ స్థానంలో ఆమ్లోడిపిన్ పెట్టడం, మెటోప్రొలాల్ ఎందుకు రాశారో తెలుసుకుని దాన్ని మెల్లగా తగ్గించడం గురించి మీ డాక్టరుతో మాట్లాడవచ్చు. ఉత్త బీపీకి బీటా బ్లాకర్ ఇవాళ మొదటి ఎంపిక కాదు. గుండె వేగం ఎక్కువ ఉందనో, ఈసీజీలో ఏదో చూసో రాసి ఉండవచ్చు. అందుకే "తీసేయండి" అనకుండా "ఎందుకు రాశారండీ?" అని మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. ఒకటి మార్చి, కొన్ని వారాలు ఆగి చూసి, తర్వాత రెండోది. మీరు పన్నెండు రోజుల్లో తేల్చేద్దామనుకున్నారు. అది చాలదు. పైగా ఆ పన్నెండు రోజులూ బీపీ ఏ అంకెలో ఉందో తెలియదు, మనసులో భయం పెరుగుతూ ఉంది. అలాంటి పరీక్ష నుంచి ఏ జవాబూ రాదు.

ఇప్పుడు మీ జేబులో ఉన్న మాత్ర. 1998 మార్చి 27న అమెరికాలో సిల్డెనాఫిల్‌కు అనుమతి వచ్చింది. మొదట గుండెనొప్పి కోసం పరీక్షించిన మందు అది. అదే ఏడాది నైట్రిక్ ఆక్సైడ్ పని కనుక్కున్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి ఇచ్చారు. నైట్రిక్ ఆక్సైడ్ వల్ల తయారయ్యే రసాయనాన్ని త్వరగా విరిగిపోకుండా కాపాడటమే ఈ మందు పని. అందుకే కోరిక, స్పర్శ లేకుండా మాత్ర ఒక్కటే ఏమీ చేయదు. బీపీ ఉన్నవాళ్లు వాడకూడదన్న మాట నిజం కాదు. బీపీ అదుపులో ఉండి, డాక్టరు చూసి రాస్తే చాలామంది నిక్షేపంగా వాడుతున్నారు. బీపీని సుమారు ఎనిమిది పది పాయింట్లు దించుతుంది, ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకూ దాదాపు అంతే అదనంగా దిగుతుంది. ఆల్ఫా బ్లాకర్ వాడేవాళ్లకు ఎక్కువ దిగి కళ్లు తిరగవచ్చు, తక్కువ డోసుతో మొదలుపెట్టాలి.

ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్, రోజూ మింగే మోనోనైట్రేట్, నికోరాండిల్, వీటిలో ఏది వాడుతున్నా సిల్డెనాఫిల్ జాతి మాత్ర ముట్టుకోకూడదు. బీపీ కుప్పకూలుతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, అదే జాతికి చెందిన టడలాఫిల్ అయితే 48 గంటల్లో ఛాతీ నొప్పి వస్తే అది వేసుకున్న సంగతి ఎమర్జెన్సీ డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పి తీరాలి, లేకపోతే వాళ్లు మామూలుగా ఇచ్చే నైట్రేటే ముప్పు అవుతుంది. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఛాతీ నొప్పి లేదు, నైట్రేట్లు లేవు. అయినా ఈ వారం ఆ మాత్ర వేసుకోకండి. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపి ఉన్నారు, బీపీ ఎంతో తెలియదు, స్నేహితుడు ఇచ్చిన మాత్ర 25దో 100దో చూసుకోలేదు. బీపీ అదుపులోకి వచ్చాక మీ పేరున రాయించుకుని వాడండి. మొదటిసారే పనిచేయలేదని పారేయకండి. భారీ భోజనం మీద వేసుకుంటే ఆలస్యం అవుతుంది, సరైన డోసులో ఆరేడుసార్లు చూశాకే పనిచేయలేదని అనాలి. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోయినా, ఉన్నట్టుండి చూపు మందగించినా ఆసుపత్రికే.

"మూలికలతో చేసినది, సైడ్ ఎఫెక్ట్ లేదు" అని అమ్మే వాటిని నమ్మకండి. అలాంటి వాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరికలు ఇచ్చింది. నైట్రేట్ వాడే మనిషి దాన్ని మూలిక అనుకుని వేసుకుంటే ఏమవుతుందో ఊహించండి.

మీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పరగడుపున షుగరు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, ఈసీజీ చేయించమని అడగండి. కోరిక కూడా తగ్గి ఉంటే ఉదయం పది లోపు టెస్టోస్టెరోన్, అంటే మగ హార్మోన్ పరీక్ష. వాడుతున్న ఇతర మందులన్నీ చెప్పండి. డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, జుట్టు రాలడానికి ఇచ్చే ఫినాస్టరైడ్, రోజూ వాడే ట్రమడాల్ నొప్పి మాత్ర, ఇవి కూడా ఈ సమస్య తెస్తాయి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని మీ ఆవిడ ఎప్పుడైనా అన్నారేమో గుర్తు చేసుకోండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బీపీనీ పెంచుతుంది, స్తంభననూ దెబ్బతీస్తుంది. సిగరెట్ ఉంటే అది మాత్రల కంటే పెద్ద దోషి. బరువు ఎక్కువ ఉంటే ఒక మంచి వార్త. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో స్తంభన లోపం ఉన్న 110 మంది స్థూలకాయుల్లో సగం మంది రెండేళ్లు ఆహారం, వ్యాయామం మార్చుకున్నారు. వాళ్లలో మూడో వంతుకు దగ్గరగా ఏ మందూ లేకుండా మామూలు స్థితికి వచ్చారు. బరువు తగ్గితే బీపీ మాత్రల డోసు కూడా తగ్గించగలం. మాత్రలు తగ్గించుకోవాలన్న కోరిక ఉంటే దానికి సరైన దారి ఇది.

ఇది శాశ్వతంగా ఉండిపోతుందా అని కూడా అడిగారు. మందు వల్ల వచ్చింది మందు మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. రక్తనాళాల వల్ల వచ్చినదాన్ని బీపీ, షుగరు, పొగ అదుపు చేసి ఆపవచ్చు, మిగిలినదానికి మందులు ఉన్నాయి. 47 ఏళ్లకే ఆశ వదులుకోవాల్సిన పరిస్థితి మీది కాదు.

మీ ఆవిడ సంగతి. మూడు నెలలుగా మీరు టీవీ ముందే నిద్రపోతున్నారనీ, ఆవిడ అడగడం మానేసిందనీ రాశారు. మీరు దూరం జరుగుతుంటే ఆవిడ దానికి ఏ కారణం ఊహించుకుంటూ ఉంటుందో ఆలోచించండి. "నా మీద ఇష్టం పోయింది" అనో, "బయట ఎవరో ఉన్నారు" అనో. నిజం దానికన్నా చిన్నది. పడకగదిలో, విఫలమైన క్షణంలో చెప్పకండి. పగటి పూట, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, "బీపీ మొదలయ్యాక నాకు ఇలా అవుతోంది, డాక్టరుకు చెప్పబోతున్నాను" అనండి. అంత చాలు. ఆ మాట చెప్పాక మందు మార్చకుండానే సగం నయమైనవాళ్లను చూశాను, పరీక్షలా దగ్గరికి వెళ్లాల్సిన అవసరం పోతుంది కాబట్టి. వీలైతే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

డాక్టరు గదిలో నోరు రాకపోతే మాట్లాడకండి. ఆ తేదీల కాగితం పైన "మాత్రలు మొదలయ్యాక స్తంభన తగ్గింది. పన్నెండు రోజులు మానేశాను. మందు మార్చడానికి వీలుంటుందా?" అని మూడు వాక్యాలు రాసి, రెండు షీట్లూ దాని మీద పెట్టి బల్ల మీదికి జరపండి. నాకు అలాంటి కాగితాలు చాలా వచ్చాయి. ఎవరినీ తక్కువగా చూడాలనిపించలేదు. ఈరోజు బీపీ ఎంత ఉందో చూసుకుని, ఆ అంకె కూడా అదే కాగితం మీద వేయండి.